మేనత్త దవడ

చిన్నప్పుడు నాది అమ్మ మొహమేనట. పదమూడో ఏడు దాటాక కింది దవడ మెల్లగా ముందుకు పెరగడం మొదలైంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తొమ్మిదో తరగతి సెలవుల్లో పొరుగూరినుంచి వచ్చిన ఒక చుట్టాలావిడ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చం మేనత్త పోలికే వచ్చిందే దీనికి!" అంది. ఆడపిల్లకి మేనత్త పోలిక రావడం మా వైపు ముచ్చటగా చెప్పుకునే మాట. కానీ అమ్మ మొహం చిన్నబోయింది. నాన్న లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మా మేనత్త నాన్నకి అక్క. పొదిలిలో ఒక్కతే ఉండేది. జాకెట్లు కుట్టేది. పెళ్ళి చేసుకోలేదు. ఆమె కింది దవడ ముందుకు వచ్చి ఉండేది. నోరు మూసినప్పుడు అందరికీ పైపళ్ళు కిందిపళ్ళ మీదికి వస్తాయి, ఆమెకి కిందిపళ్ళే పైవాటిని దాటి బయటికి వచ్చేవి. పెదాలు రెండూ కలపాలంటే కొంచెం ప్రయత్నం చెయ్యాలి. ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆమె ఏదో పట్టుదలగా ఆలోచిస్తున్నట్టు కనిపించేది. దారం పంటితో తెంచలేదు కాబట్టి నల్లతాడుకి చిన్న కత్తెర కట్టి మెడలో వేసుకునేది.

పదహారేళ్ళకి నాకూ ఆ దవడ పూర్తిగా వచ్చేసింది. జామకాయ కొరకలేను. మిరపకాయ బజ్జీ కొరికితే తెగేది కాదు, లోపలి కాయ మొత్తం జారి చేతిలోకో ఒళ్ళోకో వచ్చేది. దేన్నైనా పక్కకి తిప్పి దవడపళ్ళతో నమిలేదాన్ని. బళ్ళో మగపిల్లలు నాకు 'పార' అని పేరు పెట్టారు. మట్టి ఎత్తే పార. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో పార లేని ఇల్లు ఉండదు కాబట్టి ఆ మాట రోజుకి పదిసార్లు వినపడేది. నన్ను అనకపోయినా ఉలిక్కిపడేదాన్ని.

అయినా ఆపరేషన్ ఆలోచన నాకు ఆ వెక్కిరింతల వల్ల రాలేదు. టీచరు ట్రైనింగు చేస్తున్నప్పుడు పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి మమ్మల్ని ఒక ప్రాథమిక పాఠశాలకి పంపారు. నాకు ఒకటో తరగతి ఇచ్చారు. బొమ్మ చూపించి 'సీతాకోకచిలుక' అన్నాను. నా నాలుక పళ్ళ మధ్య నుంచి బయటికి జారి 'స' అనే అక్షరం 'థ'కి దగ్గరగా పలికేది. నాకు అది అలవాటైపోయి తెలిసేది కాదు. ముప్పైమంది పిల్లలూ నాలుక బయటపెట్టి, నేను అన్నట్టే అన్నారు. వాళ్ళు వెక్కిరించలేదు. టీచరు ఎలా చెబితే అలా చెప్పాలని శ్రద్ధగా, గొంతెత్తి చెప్పారు. ముందు వరసలో ఒక పిల్లయితే సరిగ్గా వచ్చిందా అన్నట్టు నా వంక చూసింది. నేను బాగుందని తల ఊపి, బొమ్మ పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ సాయంత్రం మా ట్రైనింగు మేడంకి చెప్పాను. ఆమే గుంటూరులో ఒక ఆసుపత్రి గురించి చెప్పింది. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. దవడకి ఆపరేషన్ చేస్తారని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పన్ను పీకించుకోవడమే పెద్ద వైద్యం.

నాన్న నాతో గుంటూరు వచ్చాడు. డాక్టరుగారు నెమ్మదస్తుడు. నా నోటికి అచ్చు తీయించి, తెల్లటి సుద్దతో చేసిన నా దవడలు రెండూ బల్లమీద పెట్టాడు. నాన్న కింది దవడ అచ్చుని అరచేతిలోకి తీసుకుని, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని చూశాడు.

"ఎముకని రెండు పక్కలా నోటి లోపల్నుంచే కోసి, వెనక్కి జరిపి బిగిస్తామండి. బయట గాటు కనపడదు. కానీ ముందు ఏడాదిన్నర క్లిప్పులు వెయ్యాలి. అప్పుడు దవడ ఇంకా ముందుకొచ్చినట్టు కనపడుతుంది. భయపడొద్దు" అన్నాడు డాక్టరుగారు.

"వంకర తియ్యబోయే ముందు ఇంకా వంకర చేస్తారా సార్?" అన్నాడు నాన్న.

"ఇప్పుడు కిందిపళ్ళు లోపలికి వాలి లోపాన్ని కొంత దాస్తున్నాయి. వాటిని నిటారుగా నిలబెడితేనే దవడ అసలు ఎంత జరపాలో తెలుస్తుంది."

నాన్న గొంతు తగ్గించి అడిగాడు. "ఇది మా రక్తంలోంచి వచ్చిందా సార్? మా అక్కకీ ఇట్టానే ఉంటది."

"వంశంలో ఉంటే వస్తుందండి. అందులో ఎవరి తప్పూ లేదు."

తిరిగి వస్తుంటే బస్సులో నాన్న నాతో ఒక్కటే మాట అన్నాడు. "మీ అత్తయ్యకి ఇప్పుడే చెప్పమాకు."

అమ్మ కూడా అదే అంది. "పళ్ళు సరిగ్గా రావడానికి క్లిప్పులేశారని చెబుదాం. ఆపరేషనని చెబితే నా మొహం దీనికి అంత చేదైందా అనుకుంటది పాపం." అలా ముగ్గురం కూడబలుక్కుని దాచాం. ఆ ఏడాదిన్నరలో అత్తయ్య రెండుసార్లు మా ఇంటికి వచ్చింది. క్లిప్పులు చూసి, "వెండి తోరణం కట్టినట్టుందే" అని నవ్వింది. డాక్టరుగారు చెప్పినట్టే అప్పటికి నా దవడ ఇంకా ముందుకి కనపడుతోంది. అత్తయ్యకి అబద్ధం చెప్పిన నోరు కదా అని నాకు ఆమె ముందు అన్నం తినబుద్ధయ్యేది కాదు.

అందం కోసం కాదు, మాట కోసం, తిండి కోసం అని అడిగినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. నిజమే. కానీ అందం కోసం కూడా. అది ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఆపరేషన్ జరిగింది. మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం ఉంది. నోరు తెరవబోతే తెరుచుకోలేదు. పై క్లిప్పుల్నీ కింది క్లిప్పుల్నీ కలిపి సన్నటి తీగలతో కట్టేశారు. ఆరు వారాలు అలాగే ఉండాలని ముందే చెప్పారు, కానీ చెప్పించుకోవడం వేరు, అనుభవించడం వేరు. నాలుక లోపల చిన్న గదిలో పెట్టి తలుపేసినట్టు ఉంది. రెండో రోజుకి మొహం ఉబ్బి కళ్ళు గీతలయ్యాయి. అమ్మ నన్ను చూసి, చీర చెంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి పోయింది.

మూడో రోజు పొద్దున్న కళ్ళు తెరిస్తే మంచం పక్కన అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో జిప్పు సంచి. మొదటి బస్సుకే బయల్దేరి వచ్చిందట. ఆపరేషన్ అయిన మర్నాడు నాన్న మనసు ఆపుకోలేక ఎస్.టి.డి. బూత్ నుంచి పొదిలికి ఫోన్ చేసి చెప్పేశాడని తర్వాత తెలిసింది. మాట్లాడలేను. మొహం తిప్పుకుందామంటే మొహమంతా బరువు.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. దుప్పటి అంచు ఎత్తి నా పాదాలు పట్టుకుని చూసింది. "కాళ్ళు మంచులాగున్నయ్. ఎవరూ చూళ్ళేదా?" అంది. సంచిలోంచి ఉన్ని మేజోళ్ళు తీసి తొడిగింది. తర్వాత నర్సు దగ్గరికి వెళ్ళి ఏది ఎన్ని గంటలకి ఇవ్వాలో అడగడం మొదలుపెట్టింది.

ఇంటికి పంపించే రోజు ఒక పెద్ద చిక్కు వచ్చింది. అది మిరపకాయలు కోసే కాలం. మా ఇంటి పక్కనే కళ్ళం. ఎర్రగా ఎండబెట్టిన కాయల ఘాటుకి వాకిట్లో అడుగు పెట్టినవాళ్ళెవరైనా నాలుగు తుమ్ములు తుమ్మాల్సిందే. నోరు కట్టేసిన మనిషికి తుమ్మొస్తే ఎలా? ఆసుపత్రిలో ఒక్కసారి తుమ్మాను. ఎముక మళ్ళీ విరిగిందేమో అనిపించింది.

"కళ్ళం చేలోకి మారుస్తా" అన్నాడు నాన్న.

"మార్చినా కూలోళ్ళ బట్టల్లో, నీ తలపాగాలో ఉండదంట్రా ఘాటు?" అంది అత్తయ్య. "నేను తీసుకెళ్తా. మా వీధిలో తుమ్మాలన్నా దొరకదు."

అమ్మ కాదనలేకపోయింది. కోతలకి వచ్చేవాళ్ళని చూసుకోవాలి. ఆసుపత్రి మెట్ల మీద నా తల దువ్వి, రెండు జడలు వేసి పంపింది.

డాక్టరుగారు అత్తయ్య చేతిలో ఒక చిన్న కట్టర్ పెట్టాడు. "వాంతి వస్తే కంగారు పడకండి. తాగేది ద్రవమే కాబట్టి, తల కిందికి వంచితే పళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చేస్తుంది. ఊపిరి ఆడకపోతేనే ఈ తీగలు కత్తిరించి, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. ఇదిగో, ఇక్కడా ఇక్కడా." అత్తయ్య మూడుసార్లు చూపించుకుంది. నర్సునడిగి ఒక తీగముక్క తీసుకుని కత్తిరించి చూసింది. ఆ కట్టర్‌ని తన మెడలోని నల్లతాడుకి, కత్తెర పక్కనే కట్టుకుంది. ఆరు వారాలూ అది ఆమె మెడలోనే ఉంది. స్నానానికి వెళితే నా చేతికిచ్చి వెళ్ళేది.

చిలకలూరిపేట, అద్దంకి మీదుగా నాన్న మమ్మల్ని జీపులో దింపాడు. గోతి వచ్చినప్పుడల్లా అత్తయ్య నా తలని తన భుజానికి ఆనించి పట్టుకునేది.

పొదిలిలో ఆమెది ఒక గది, ఒక వరండా. వరండాలో కుట్టుమిషను. దాని పక్కనే నాకు నవారు మంచం వేసింది. రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ, సపోటా పాలు. అన్నీ పల్చగా చేసి, జాకెట్లకి లోపల వేసే కొత్త తెల్లగుడ్డ ఉతికి దాంట్లో వడగట్టేది. చివరి పళ్ళ వెనక కొంచెం సందు ఉంటుంది. సిరంజికి తగిలించిన రబ్బరు గొట్టం బుగ్గ పక్కనుంచి ఆ సందులోకి పెట్టి, కొద్దికొద్దిగా వదిలేది. ఒక గ్లాసు జావకి అరగంట పట్టేది. ఆ అరగంటా మిషను ఆగిపోయేది.

పదిరోజులకి నాకు కారం మీద బెంగ పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక కారం లేని ముద్ద తిననిదాన్ని. నోటు పుస్తకంలో 'గోంగూర' అని రాసి చూపించాను. నోరు కట్టేశాక ఆ పుస్తకమే నా నోరు. అత్తయ్య చదివి నవ్వింది. "కుట్లు మానకుండా కారమేందే?" అంది. కానీ మర్నాడు గోంగూర ఉడకబెట్టి, ఉప్పు వేసి, తెల్లగుడ్డలో పిండి, ఆ పుల్లటి రసంలో నాలుగు చుక్కల నెయ్యి వేసి పట్టింది. కారం లేదు. అయినా ఆ పులుపు నాలుకకి తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడవమాకే, ముక్కు దిబ్బడేస్తే ఊపిరాడదు" అని గదిమి, తను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు నన్ను చూసిపోయేవాళ్ళు. అత్తయ్య ఏదీ దాచలేదు. ఆపరేషనని, దవడ సరిచేశారని చెప్పేది. ఒకావిడ నా ఉబ్బిన మొహం చూసి బుగ్గలు నొక్కుకుంది. "అందం కోసం ఇంత కోత అవసరమా అమ్మా?"

"పోయినసారి చేతులు అరంగుళం ఎక్కువయ్యాయని జాకెట్టు మూడుసార్లు విప్పించావు గదమ్మా. అది దేనికోసం మరి?" అంది అత్తయ్య మిషను ఆపకుండా.

ఆవిడ నవ్వేసింది. నాకు నవ్వొచ్చి, నవ్వలేక బుగ్గలు పట్టుకుని గోడవైపు తిరిగాను.

రెండో వారం చివర్లో, మిట్టమధ్యాహ్నం అది జరిగింది. మందు బిళ్ళ పొడి చేసి పాలల్లో కలిపి పట్టింది. అయిదు నిమిషాల్లో కడుపులో తిప్పింది. లేచి కూర్చునేలోపే పైకి తన్నుకొచ్చింది. నోరు తెరవాలని దవడ తన్నుకుంటోంది, తీగలు తెరవనివ్వడం లేదు. ముక్కులోంచి, నోట్లోంచి పాలు. ఊపిరి అందలేదు. నేను రెండు చేతులతో మంచం పట్టీ గుద్దుతున్నాను.

అత్తయ్య కుడుతున్న గుడ్డని వదిలేసి ఒక్క అంగలో వచ్చింది. నా నడుం కింద చెయ్యి వేసి, నన్ను మంచం అంచు మీద బోర్లా వంచింది. ఒక చేత్తో నుదురు పట్టుకుంది. రెండో చేతిలో కట్టర్. అది తెరిచి నా చెంప దగ్గర పెట్టింది. చల్లగా తగిలింది. "వదిలెయ్. వదిలెయ్ తల్లీ. కిందికి పోనియ్. ముక్కుతో లాగు. లాగు" అంటోంది. పాలు పళ్ళ సందుల్లోంచి ధారగా కిందికి కారిపోయాయి. ఒక ఊపిరి లోపలికి వెళ్ళింది. తర్వాత ఇంకొకటి.

ఆమె తీగ కత్తిరించలేదు. కత్తిరించి ఉంటే ఎముక కదిలేదేమో, మళ్ళీ మొదటికి వచ్చేదేమో. ఎప్పుడు ఆగాలో ఆ క్షణంలో ఆమెకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్ను తుడిచి, లంగా ఓణీ మార్చి, నేల కడిగింది. అంతా అయ్యాక మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించబోయింది. దారం ఎక్కలేదు. నాలుగైదుసార్లు చూసి వదిలేసింది. వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఆ రోజు ఇంక మిషను తొక్కలేదు.

నేను పుస్తకం తీసుకుని రాశాను. 'నీకు చెప్పకుండా దాచాం. కోపం వచ్చిందా?'

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "కోపం కాదే" అంది. "ఫోనొచ్చిన పూట బాగా ఏడ్చా. నా మొహం నచ్చక పిల్ల కోయించుకుందనుకున్నా. మీ నాన్న మీద కూడా మండింది. బస్సెక్కినా కూడా ఏడుస్తానే ఉన్నా. మార్టూరు దాటినాక అనిపించింది, సరే, నచ్చలేదే అనుకో, దాంట్లో తప్పేముంది? నాకు మాత్రం నచ్చిందా ఏంది?"

నేను తల అడ్డంగా ఊపబోయాను. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక సంబంధం వచ్చింది. చూపులప్పుడు తలొంచుకుని కూర్చోమన్నారు, కూర్చున్నా. నోరు తెరవద్దన్నారు, తెరవలా. కుదిరింది. ఖాయం చేసుకోవటానికి మళ్ళీ వచ్చారు. పెద్దోళ్ళందరూ పందిట్లో కూర్చున్నారు. మా లేగదూడ కట్టు తెంపుకొచ్చి, పెళ్ళికొడుకు మావయ్య కండువా నమలటం మొదలుపెట్టింది. ఆయన అటు లాగుతాడు, అది ఇటు లాగుతది. నేను గుమ్మంలో నిలబడి పకపకా నవ్వా. ఆపుకోలేకపోయా. అందరూ నా వంక చూశారు. అంతే. రెండ్రోజులకి కబురొచ్చింది."

వీధిలో నీళ్ళ ట్యాంకరు వచ్చింది. బిందెల చప్పుడు.

"అమ్మ నన్ను కొట్టింది. మీ నాన్న చిన్నోడు, అడ్డం పడ్డాడు. ఆ తర్వాత నేనే వద్దన్నా, ఎవరినీ తీసుకురావద్దని. కుట్టు నేర్చుకున్నా. ఇటొచ్చా. కానీ ఆ నవ్వు మీద నాకెప్పుడూ కోపం రాలేదే. అంత నవ్వు మళ్ళీ రాలా" అంది.

అత్తయ్య అంతకుముందు అంత మాట్లాడగా నేను వినలేదు. నేను మాట్లాడగలిగిన రోజుల్లో ఆమె నా కబుర్లు వినేది. నా నోటికి తీగలు పడ్డాక ఆమె మొదలుపెట్టింది. మిగిలిన నాలుగు వారాలూ మధ్యాహ్నాలు ఏదో ఒకటి చెబుతూనే ఉంది. కుట్టు నేర్పిన టీచరమ్మ సంగతి, మొదటి మిషను కొన్న రోజు, నాన్న చిన్నప్పుడు పొగాకు ఆరబెట్టే బేరను కొట్టంలో నిద్రపోయి ఊరంతా వెతికించిన సంగతి. నేను పుస్తకంలో 'తర్వాత?' అని ఒకసారి రాసి, మళ్ళీ రాసే పని లేకుండా ప్రతిసారీ ఆ పేజీయే చూపించేదాన్ని.

మార్చి నెలాఖరుకి గుంటూరు వెళ్ళాం. నాన్న నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరుగారు తీగలు ఒక్కొక్కటే కత్తిరించి తీశాడు. "తెరువమ్మా" అన్నాడు. తెరిచానని అనుకున్నాను. ఒక వేలు మాత్రమే పట్టింది. "ఏదైనా మాట్లాడు" అన్నాడు. ఆరు వారాలుగా ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. తీరా నోట్లోంచి "ఆకలేస్తోంది" అని వచ్చింది. గొంతు బొంగురుగా, ఎవరిదో లాగా ఉంది. నాన్న నవ్వాడు, కానీ కళ్ళు తుడుచుకోవడం కనపడింది.

నాకు అద్దం ఇచ్చారు. గడ్డం వెనక్కి వెళ్ళింది. పెదాలు వాటంతటవే కలిశాయి. సంతోషం వస్తుందనుకున్నాను. మొదట వచ్చింది సిగ్గు. చెప్పకుండా ఎవరి వస్తువో వాడుకున్నట్టు.

డాక్టరుగారు అత్తయ్యని చూసి, "మీకూ చెయ్యొచ్చండి. వయసు మరీ ఎక్కువేం కాదు" అన్నాడు. అత్తయ్య వెంటనే వద్దనలేదు. నొప్పి గురించి, రోజుల గురించి అడిగింది. పెదవి మొద్దుబారుతుందా అని అడిగింది. అన్నీ విని, "ఆలోచించుకుంటానండి" అంది. బయటికి వచ్చి చెట్టు కింద నిలబడ్డాక నేను నత్తి నత్తిగా అడిగాను. "చేయించుకుంటావా అత్తయ్యా?"

"పాతికేళ్ళ కిందటైతే పరుగెత్తుకొచ్చేదాన్ని" అంది. "ఇప్పుడెందుకే? నాకు ఈ మొహంతో సర్దుబాటైపోయింది. రేపు పొద్దున అద్దంలో ఎవరో కొత్తమనిషి కనపడితే ఆమెతో మళ్ళీ మొదట్నించీ పరిచయం చేసుకోవాలి."

నాన్న వింటూ నిలబడ్డాడు. "నువ్వు చేయించుకుంటానంటే నేనున్నా అక్కా" అన్నాడు.

"నువ్వున్నావని తెలుసులేరా" అంది.

నేను ఊరికి వెళ్ళాను. కోతలు అయిపోయాయి. అమ్మ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని వేళ్ళతో తడిమింది. "ఎవరి పోలికే నీది ఇప్పుడు?" అని నవ్వింది, ఏడ్చింది. నాన్నకే చాలా రోజులు పట్టింది. గుమ్మంలోంచి వస్తూ వరండాలో నన్ను చూసి ఒకసారి "ఎవరమ్మా?" అన్నాడు. అని, నాలిక్కరుచుకుని, "నువ్వా" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట నేను అన్నం సరిగ్గా తినలేదు.

నోరు మామూలుగా తెరుచుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఐసుక్రీము పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకునేదాన్ని. వారానికొక పుల్ల పెంచాలి. 'స' పలకడం కూడా మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఎముక జరిపినా నాలుక పాత దారినే వెతుక్కుంటుందని అప్పుడు తెలిసింది. అద్దం ముందు కూర్చుని సున్నం, సబ్బు, సత్తెనపల్లి అంటూ ఉండేదాన్ని. మొదటిసారి ముందుపళ్ళతో జామకాయ కొరికినప్పుడు చప్పుడైంది. ఆ చప్పుడు వినడానికి ఇంకో కాయ కొరికాను.

తర్వాతి ఏడు వినుకొండ దగ్గర ఒక ఊళ్ళో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడ నా పాత మొహం ఎవరికీ తెలియదు. నా పేరు వెనకాల ఇంకో పేరు లేదు. అందుకు సంతోషించాను, కాదనను. కానీ కొన్నాళ్ళకి ఒక వింత బెంగ మొదలైంది. నేను చిన్నప్పటి నుంచి ఫొటోలు తప్పించుకుంటూ వచ్చాను. తీసిన ఒకటీ అరా ఫొటోల్లో చెయ్యో, పుస్తకమో మొహానికి అడ్డం ఉంటుంది. ఆ మొహంతోనే నేను చదువుకున్నాను, స్నేహాలు చేశాను, చాలా ఏడ్చాను, చాలా నవ్వాను కూడా. దాన్ని చూడాలనిపిస్తే ఎక్కడా లేదు.

పొదిలిలో ఉంది. అది అర్థమయ్యాక నేను సెలవు దొరికితే అక్కడికే వెళ్ళేదాన్ని. బస్సు దిగి వీధి మలుపు తిరిగితే వరండాలో, మిషను మీదికి వంగిన ఆ మొహం కనపడేది. ఒకప్పుడు మేనత్త పోలిక అంటే కుంచించుకుపోయినదాన్ని, ఆ పోలిక పోయాక ఆమెని కళ్ళారా చూడటం నేర్చుకున్నాను.

నా కింది పెదవి కింద, గడ్డం మీద, చిన్న చోటు ఒకటి మొద్దుబారి ఉండిపోయింది. ఆపరేషన్‌లో నరం నలిగితే అలా అవుతుందని, కొందరికి పూర్తిగా తిరిగి రాదని డాక్టరుగారు ముందే చెప్పాడు. అక్కడ మజ్జిగ చుక్క పడినా, అన్నం మెతుకు అంటుకున్నా నాకు తెలియదు. స్కూల్లో పిల్లల ముందు తినేటప్పుడు ఊరికే తుడుచుకుంటూ ఉంటాను. అత్తయ్య ఇంట్లో తుడుచుకోను. ఆమె మాటల మధ్యలోనే చెయ్యి చాచి, చీర చెంగుతో ఒక్కసారి ఒత్తేసి, తన మాట తను కొనసాగిస్తుంది. నాకు ఆ స్పర్శ తెలియదు. ఆమె చెయ్యి దగ్గరికి రావడం, వెనక్కి వెళ్ళడం మాత్రం కనపడుతుంది.

ఒక వేసవిలో వెళ్ళినప్పుడు మధ్యాహ్నం కరెంటు పోయింది. అన్నాలు తిని, వరండాలో చాప మీద పడుకున్నాం. అత్తయ్య పక్కకి తిరిగి నిద్రపోయింది. కళ్ళజోడు మడిచి తల దగ్గర పెట్టుకుంది. జుట్టు ముందువైపంతా నెరిసింది. నిద్రలో పెదాలు కలపాలన్న ప్రయత్నం లేదు. దవడ తన ఇష్టమొచ్చినట్టు ముందుకొచ్చి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్ల మారాం చేస్తూ నిద్రపోయినట్టుంది. నేను మోచేతి మీద లేచి, ఆ గడ్డం గీతని చెవి దగ్గర్నుంచి చివరిదాకా చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు.

ఆమె కళ్ళు తెరవకుండానే అంది. "ఏందే అట్టా చూస్తన్నావు?"

"ఏం లేదత్తయ్యా."

"అయితే లేచి ఆ ఫ్యాను వెయ్యి. కరెంటొచ్చినట్టుంది."